నీళ్ళొచ్చే రోజు జ్వరం

బళ్ళారిలో నర్సులకు జ్వరాలు వానలను బట్టి రావు, పేటలను బట్టి వస్తాయి. ఈ సంగతి కనిపెట్టింది ఏ డాక్టరూ కాదు, జ్ఞానకుమారి. ఊళ్ళోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో రెండో అంతస్తు వార్డుకు ఆమె పదకొండేళ్ళుగా ఇన్‌చార్జి సిస్టర్. పొద్దున ఆరింటికి బ్రూస్‌పేటలోని ఇంట్లో ఆమె పొయ్యి మీద పాలు పెట్టేసరికి ఫోన్ మోగేది. అవతల ఎవరో ఒక సిస్టర్ గొంతు బొంగురు చేసుకుని, "జ్వరం సిస్టర్, ఈ దినం రాలేను" అనేది. జ్ఞానకుమారి "అట్లనా అమ్మా" అంటూనే గోడ మీది క్యాలెండర్ వైపు చూసేది. ఆ పిల్ల ఉండేది ఏ పేట, ఆ పేటకు కొళాయి నీళ్ళు వచ్చేది ఏ రోజు, ఈ రెండూ కలిశాయంటే ఆ జ్వరం ఎంతో చెప్పడానికి ఆమెకు థర్మామీటరు అక్కర్లేదు.

నీళ్ళు ఎనిమిది రోజులకో పది రోజులకో ఒకసారి వచ్చేచోట, వచ్చిన పూట ఇంట్లో ఒక మనిషి ఉండి తీరాలి. డ్రమ్ములు కడగాలి, పైపు తగిలించాలి, పక్కింటివాళ్ళు మోటరు పెట్టి లాక్కోకముందే పట్టుకోవాలి. ఆ మనిషి ఎప్పుడూ ఆడమనిషే ఎందుకవుతుందని అడగకండి, అడిగితే కథ వేరే దారి పడుతుంది. నీళ్ళు పట్టుకోవాలి, సెలవు ఇవ్వండి అంటే ఆసుపత్రి వాళ్ళు నవ్వుతారు. జ్వరమంటే నవ్వరు. అందుకని జ్వరం.

డ్యూటీ పుస్తకం చివరి పేజీలో జ్ఞానకుమారి పెన్సిలుతో ఒక పట్టిక రాసుకుంది. కౌల్‌బజార్, మిల్లర్‌పేట, గాంధీనగర్, ఒక్కో పేటకూ నీళ్ళ రోజులు. నీళ్ళు ఒక రోజు ఆలస్యమైతే రబ్బరుతో చెరిపి సరిచేసేది. డ్యూటీలు వేసేటప్పుడు ఆ పట్టిక ముందు పెట్టుకుని, వీలైనంతవరకు నీళ్ళ రోజున ఆ పేట పిల్లకు మధ్యాహ్నం డ్యూటీ వేసేది. వీలుకాకపోతే జ్వరాన్ని నమ్మినట్టు నటించేది. ఇది మాత్రం నిజంగా మంచితనమే. ఆ ఆసుపత్రిలో ఇంకే వార్డు ఇన్‌చార్జీ ఇంత చేసిన దాఖలా లేదు.

కానీ ఆమెకు ఒక అలవాటు ఉండేది. కనిపెట్టిన దాన్ని కడుపులో దాచుకోలేదు.

లిఫ్టు పక్కన విరిగిన సెలైన్ స్టాండ్లు పెట్టే గది ఒకటుంది. అందులో ఒక బెంచీ, రెండు స్టూళ్ళు. పదకొండున్నరకు టీ. రోగులకు పొద్దుటి మందులు ముగిసి, మధ్యాహ్నం సూదులు మొదలుకాకముందు దొరికే పది నిమిషాలు అవి. ఆ పది నిమిషాలకు జ్ఞానకుమారి రాణి. ఎవరెవరు ఏ జబ్బు పేరు చెప్పి సెలవు పెట్టారు, అసలు సంగతేంది, ఇవే అక్కడి కథలు. చెప్పడంలో ఆమెకు సాటి లేదు. ఫోన్‌లో గొంతు ఎట్లా మూలిగిందో మూలిగి చూపించేది, మూలుగు మధ్యలో వెనక కుక్కరు కూతేస్తే ఆ కూతా వేసేది.

నేత్ర కథ వార్డంతా నోటికి వచ్చిన కథ. నేత్రకు ఒకసారి వాంతులయ్యాయి. మర్నాడు డ్యూటీకి వచ్చినప్పుడు ఆమె పది గోళ్ళ సందుల్లోనూ ఎర్ర రంగు. "ఏమ్మా నేత్రా, వాంతులు ఎర్రగా అయినాయా?" అని అడిగింది జ్ఞానకుమారి. అసలు సంగతి, నేత్ర కొడుక్కి బడిలో వేషాల పోటీ. వాడు టమోటా. తెల్లవారుజామున లేచి వాణ్ణి టమోటా చేసి, నడవలేక బొక్కబోర్లా పడుతుంటే రిక్షాలో ఎత్తి కూర్చోబెట్టి, చివరికి వాడు వేదికనెక్కి ఏడ్చి దిగిపోయేదాకా ఉండి వచ్చింది. ఈ కథకు నేత్ర కూడా కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వేది.

రామసుబ్బమ్మ అని ఒక పెద్ద సిస్టర్ ఉండేది, ఇప్పుడు రిటైరైంది. ఆమెకు నెలకొక పూట తలనొప్పి వచ్చేది. ఆ పూట ఆమె సిరుగుప్ప దారిలో హచ్చొళ్ళి దాకా టికెట్టు తీసుకుని, బస్సులో కిటికీ పక్కన నిద్రపోయి, దిగకుండా అదే బస్సులో తిరిగి వచ్చేది. ఇంట్లో అత్తా మామా నలుగురు పిల్లలూ, ఆసుపత్రిలో నలభై మంచాలు. నిద్రపోవడానికి ఆమెకు దొరికిన చోటు ఆ బస్సు ఒక్కటే. ఈ సంగతి ఆ బస్సు కండక్టరు చెప్పాడు, అతనిదీ జ్ఞానకుమారి వాళ్ళ చర్చే. మర్నాడు టీ గదిలో జ్ఞానకుమారి కళ్ళు మూసి, తల కిటికీకి ఆనించి, గతుకు వచ్చినప్పుడల్లా ఎగిరి చూపించింది. అందరూ నవ్వారు. రామసుబ్బమ్మ కూడా నవ్వింది కానీ, ఆ తర్వాత ఆమెకు తలనొప్పులు రాలేదు. ఆమె మళ్ళీ ఎక్కడ నిద్రపోయిందో ఎవరికీ తెలియదు.

ఇక కెరోలిన్. పందొమ్మిది రోజులు తను చెంచాతో గంజి తాగించిన ముసలామె ఒకరోజు సాయంత్రం పోతే, మర్నాడు కెరోలిన్‌కు కడుపునొప్పి. ఇట్లాంటిది రెండుసార్లు జరిగాక జ్ఞానకుమారి లెక్క కట్టేసింది. "మన కెరోలిన్‌కి పేషెంటు గుండె ఆగితే కడుపు నొస్తాదమ్మా" అంది టీ గదిలో. తమ వాళ్ళు కాని మనిషి పోయినందుకు ఏడవడానికి సెలవు ఇచ్చే కాగితం ఏ ఆసుపత్రిలోనూ అచ్చు కాలేదు. ఆ సంగతి జ్ఞానకుమారికి తెలియనిది కాదు. తెలిసే అంది. కెరోలిన్ టీ కప్పు కడగడానికని లేచి వెళ్ళింది.

జ్ఞానకుమారిని చెడ్డమనిషి అనుకుంటే పొరపాటు. జ్ఞానకుమారి నాయనమ్మ మిషను ఆసుపత్రిలో ఆయా, అమ్మ నర్సు. అమ్మ డ్యూటీ దిగి వచ్చి, రాత్రి అన్నాల దగ్గర వార్డు సంగతులు చెప్పి పిల్లల్ని నవ్వించేది. కాలు తీసేసిన వాడి సంగతీ, బిడ్డ పోయిన తల్లి సంగతీ కూడా ఎక్కడో ఒకచోట నవ్వు వచ్చేటట్టే చెప్పేది. ఏడిస్తే మర్నాడు డ్యూటీకి పోలేరు కనుక నవ్వడం ఆ ఇంటి అలవాటు. ఆ అలవాటుతోనే జ్ఞానకుమారి ఇరవై ఏడేళ్ళు నెట్టుకొచ్చింది. తన కథలవల్లే వార్డు ప్రాణంతో ఉందని మనసారా నమ్మింది. అందులో కొంత నిజం కూడా ఉంది, అదే ఇబ్బంది.

ఇప్పుడు సౌభాగ్య సంగతి. ఆమెది సండూరు పక్క చోరనూరు. ఇరవై ఎనిమిదేళ్ళు. కౌల్‌బజార్‌లో ఉండే కొట్రేశ్‌తో పెళ్ళయి ఐదేళ్ళు. అతను జీన్సు ప్యాంట్లు కుట్టే యూనిట్లో కటింగ్ మాస్టరు. ఇంట్లో అత్త భీమక్క ఉంది. సౌభాగ్య తక్కువ మాట్లాడుతుంది, సూది నొప్పి తెలియకుండా వేస్తుంది. ఆమె చేత్తోనే వేయించుకుంటామని మంచాల మీదినుంచి పట్టుపట్టేవాళ్ళు రోగులు. ఆమె కూడా రెండేళ్ళలో మూడుసార్లు జ్వరం పెట్టింది. మూడుసార్లూ కౌల్‌బజార్‌కు నీళ్ళొచ్చే రోజే. టీ గదిలో ఆ ముచ్చటా అయింది, సౌభాగ్య తల వంచుకుని టీలో బిస్కెట్టు ముంచుకుంటూ విన్నది.

మొన్న వానలు వెనకబట్టాక డెంగీ జ్వరాలు ముసురుకున్నాయి. నలభై మంచాల వార్డులో యాభై రెండు మందిని పెట్టారు. ఆ రోజుల్లోనే ఒక బుధవారం పొద్దున, ఆరింటికి ముందే ఇద్దరు సిస్టర్లు ఫోన్ చేశారు. ఇద్దరివీ నిజం జ్వరాలే. ఆరుంబావుకు మూడో ఫోన్. సౌభాగ్య.

"సిస్టర్, నడుం నొస్తాండాది. ఈ దినం రాలేను సిస్టర్."

జ్ఞానకుమారి క్యాలెండర్ చూసింది. బుధవారం, కౌల్‌బజార్. ఇద్దరు లేని రోజున మూడోదా అని ఆమెకు విసుగు వచ్చింది. విసుగొస్తే ఆమెకు కోపం రాదు, హాస్యం వస్తుంది.

"నడుం నొప్పి ఎన్ని బిందెలమ్మా?" అంది.

అవతల సౌభాగ్య చిన్నగా నవ్వింది. ఆ నవ్వు జ్ఞానకుమారికి ఈ రోజుకీ వినబడుతుంది. ఎన్నిసార్లు తలుచుకున్నా అందులో నవ్వు లేదు. కానీ ఆ పొద్దున ఆమె దాన్ని నవ్వుగానే తీసుకుంది. దొంగ దొరికిపోయి నవ్విందనుకుంది.

"ఇద్దరు రాలేదమ్మా ఈ దినం. నీ కష్టం నాకు తెల్దా? ఎనిమిదికి రావద్దులే, తొమ్మిదికి రా. ఒక గంట ఇస్తాండా, నీళ్ళు పట్టుకొని రా."

"సరే సిస్టర్. నీళ్ళు పట్టుకొని వస్తా" అంది సౌభాగ్య.

గంట ఇచ్చినందుకు జ్ఞానకుమారి తనను తానే మెచ్చుకుంది. పాలు దించి, భర్త దేవకుమార్‌కు కాఫీ ఇస్తూ ఫోన్‌లో తన మాట చెప్పింది కూడా. ఆయన పేపర్లోంచి తలెత్తకుండా ఊఁ అన్నాడు.

సౌభాగ్య తొమ్మిదికి ఐదు నిమిషాలు ముందే వచ్చింది. తల దువ్వుకుని, యూనిఫాం ఇస్త్రీ చేసుకుని ఉంది. నీళ్ళు పట్టిన వాళ్ళకు కొంగో పైటో ఎక్కడో ఒకచోట తడి ఉంటుంది, ఆమెకు ఎక్కడా లేదు. జ్ఞానకుమారి అది చూడలేదు. ఆ పూట ఆమె చూసింది మంచాలనే.

పన్నెండు గంటలకు దురుగప్పను పక్కకు తిప్పాల్సి వచ్చింది. పక్షవాతం వచ్చిన మనిషి, తొంభై కిలోలు పైనే. మామూలుగా నలుగురు పట్టి తిప్పుతారు. ఆ పూట ఇద్దరే ఉన్నారు, జ్ఞానకుమారి ఒకపక్క, సౌభాగ్య ఒకపక్క. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టింది జ్ఞానకుమారే. మూడు అనేసరికి సౌభాగ్య రెండు చేతులూ అతని నడుం కింద పెట్టి ఎత్తింది. తిప్పాక మంచం కమ్మీ పట్టుకుని కాసేపు కదల్లేదు. "ఏమయ్యిందమ్మా?" అంటే, "ఏమీ లేదు సిస్టర్" అంది. ఒంటిగంటకు, తల తిరుగుతోంది ఇంటికి పోతానంది. డ్యూటీ ఇంకో గంటే ఉంది కదా అని జ్ఞానకుమారి అనబోయింది కానీ, ఆ ముఖం చూసి ఆగింది. సౌభాగ్య తనే మెట్లు దిగి, తనే ఆటో పిలుచుకుని వెళ్ళిపోయింది.

నాలుగో రోజు కొట్రేశ్ వచ్చాడు. పెళ్ళిపత్రిక కవరు ఒకటి తిరగేసి, నాలుగు వైపులా గమ్ముతో అంటించి, జ్ఞానకుమారి చేతికే ఇచ్చాడు. పక్కన ఉన్న నేత్ర చెయ్యి చాపితే ఇవ్వలేదు. అందులో వేరే ఆసుపత్రి డాక్టరమ్మ రాసిన కాగితం ఉంది. పది వారాల గర్భం, పోయింది, పది రోజుల విశ్రాంతి కావాలి. జ్ఞానకుమారి దాన్ని మడిచి జేబులో పెట్టుకుంది. వరండా చివరికి కొట్రేశ్‌ను తీసుకెళ్ళి అడిగిన మొదటి మాట ఇది:

"కొట్రేశప్పా, ఆ దినం సౌభాగ్య బిందెలు మోసిందా?"

ఎందుకడిగిందో ఆమెకు తెలుసు. మోసింది అని అతనంటే, తప్పులో సగం ఆ బిందెలకు పోతుంది.

"యాడ బిందెలు సిస్టరమ్మా? ఉగాదికే సంపు కట్టించుకున్యాం కదా. నీళ్ళు అవే వచ్చి పడతాయి" అన్నాడతను. "ఆ పొద్దున కొంచెం నెత్తురు మచ్చ కనపడె. డాక్టరమ్మకి ఫోన్ చేస్తే కదలకుండా పండుకోమనె. సరే అని మీకి ఫోన్ చేసె. ఏమనుకున్యాదో ఏమో, ఫోన్ పెట్టి లేసి తయారయ్యె. ఎందుకే అంటే, డ్యూటీలో జనం లేరంట పోవల్ల అనె. మా అమ్మ అడ్డం పడినా ఇన్లేదు."

"డాక్టరమ్మ ఏమనె?"

"ఏమంటాది సిస్టరమ్మా. ఐదేండ్లకి నిలిచిండె" అన్నాడు. గోడవైపు తిరిగి, సెల్‌ఫోన్ చూస్తున్నట్టు నిలబడ్డాడు.

పట్టికలో కౌల్‌బజార్ నీళ్ళ రోజుందే కానీ, ఏ ఇంట్లో సంపు ఉందో లేదు. అన్ని అబద్ధాలనూ పట్టుకున్న మనిషి దగ్గరికి ఒక నిజం నడుచుకుంటూ వస్తే దాన్ని అబద్ధమని పట్టుకుంది. దానికి ఒక గంట దానం కూడా చేసింది.

ఆ రోజు పదకొండున్నరకు ఆమె టీ గదికి వెళ్ళకుండా ఉంటే బాగుండేది. ఈ మాట నేను అంటున్నది కాదు, తర్వాత ఆమె తనను తాను వంద సార్లు అనుకున్నది. కానీ కాళ్ళు అలవాటుగా అటే వెళ్ళాయి. బెంచీ మీద కూర్చుంది. "ఏంది సిస్టర్, అట్లుండారు?" అంది నేత్ర. అంతే, జ్ఞానకుమారికి ఏడుపు ఆగలేదు. వార్డులో ఎవరూ ఆమె ఏడవగా చూడలేదు. స్టూళ్ళు దగ్గరికి జరిగాయి. ఆమె చెప్పేసింది. కాగితంలో ఉన్నదీ, ఫోన్‌లో తను అన్నదీ, దురుగప్పను తిప్పేటప్పుడు ఒకటి రెండు మూడు అన్నదీ, అన్నీ. "నేనే చంపేస్తినమ్మా ఆ బిడ్డని" అంది. నేత్ర ఆమె చెయ్యి పట్టుకుంది. కెరోలిన్ నీళ్ళు తెచ్చి తాగించింది. "మీకేం తెల్సు సిస్టర్, చెప్పింటే మీరు రమ్మంటారా?" అని అందరూ ఓదార్చారు. గుండె బరువు సగం దిగినట్టనిపించింది.

ఎవరి సంగతి చెప్పుకుని ఆ బరువు దించుకుందో ఆ పూట ఆమెకు తోచలేదు.

ఆదివారం చర్చి ముగిసినాక, భర్తను ఇంటికి పంపి, ఆమె ఆటోలో కౌల్‌బజార్ వెళ్ళింది. డజను అరటిపళ్ళూ ఒక హార్లిక్సు సీసా చేతిలో ఉన్నాయి. దారి పొడుగునా ఏం చెప్పాలో మనసులో కూడబలుక్కుంది. భీమక్క తలుపు తీసి, "రా సిస్టరమ్మా" అంది కానీ పక్కకు తప్పుకోవడానికి ఒక్క క్షణం ఎక్కువ తీసుకుంది. సౌభాగ్య నడవాలో చాప మీద గోడకానుకుని కూర్చుని ఉంది. ఆమెను చూసి లేవబోయింది.

"కూర్చో తల్లీ, లేవద్దు" అని జ్ఞానకుమారి తనూ చాప మీద కూలబడింది. కూడబలుక్కున్న మాటలన్నీ మరచిపోయి, "నేను నిన్ను నమ్మలేదమ్మా. తప్పు నాది" అంది.

"అట్లనద్దు సిస్టర్. డాక్టరమ్మ చెప్పినాది, పండుకొని ఉన్న్యా పోయేదేనంట. బిడ్డ మొదటినుంచే సరిగ్గా లేదంట. దురుగప్ప బరువుకి పోలేదు, మీ మాటకీ పోలేదు." సౌభాగ్య నిదానంగా, రోగికి చెప్పినట్టు చెప్పింది. "మీరేం మనసులో పెట్టుకోవద్దండి."

జ్ఞానకుమారి కళ్ళు తుడుచుకుంది. ఇక్కడితో లేచి వచ్చేసి ఉంటే ఆ ఓదార్పు ఆమెకు మిగిలేది. కానీ సంగతి మొదలంటా తెలుసుకోనిదే ఆమె ప్రాణం ఊరుకోదు.

"మరి నాకెందుకు చెప్పలేదమ్మా? ఒక్క మాట, సిస్టర్ ఇట్ల ఉండాది నాకు అని చెప్పింటే, నేను రమ్మందునా? మంచం మీదినుంచి కాలు దించనిద్దునా?"

"మీరు రజ ఇచ్చేవాళ్ళే, సెలవంటే కాదనరు. నాకి తెల్సు" అంది సౌభాగ్య.

"మరి?"

సౌభాగ్య లోపలికి చూసింది. భీమక్క వంటింట్లో ఉంది. అప్పుడు గొంతు తగ్గించి చెప్పింది. ఆమె గొంతులో కోపం లేదు, నిష్ఠూరం కూడా లేదు.

"రజ ఇచ్చి, టీకి అందరికీ చెప్పేవాళ్ళు సిస్టర్. మా అత్త మూడు నెలలు నిండేవరకూ ఎవరి చెవినా పడొద్దని మొక్కుకొని ఉండె. మా అమ్మకే చెప్పలేదు నేను. నడుం నొప్పి అంటి. మీరు నీళ్ళంటిరి. మీకు చెప్తే ఏమవుతాదో అని ఆలోచన చేస్తి. కెరోలినక్కది చెప్పినారు కదా, రామసుబ్బమ్మ పెద్దమ్మది చెప్పినారు కదా. నిలిచి నిలవక పోతే, దాన్నీ చెప్తారు. నవ్వేదైతే నీళ్ళకే నవ్వనీలే, నా బిడ్డకి వద్దు అనుకున్న్యా. అందుకే సరే అంటి."

జ్ఞానకుమారి సెలవు ఇవ్వని తప్పుకు క్షమాపణ అడుగుదామని వచ్చింది. ఆ తప్పును ఈ పిల్ల ఎప్పుడో మాఫీ చేసేసింది. అసలు తప్పు పదకొండేళ్ళుగా రోజూ పదకొండున్నరకు, అందరి మధ్యా కూర్చుని, బిస్కెట్లు పంచుతూ చేసింది. ప్రతివాళ్ళ నిజమూ తనకు తెలుసని మురిసిపోయింది. తెలిసినవన్నీ తను పట్టుకున్నవే. తనంతట తాను ఏ ఒక్కరూ వచ్చి ఆమెకు ఏ నిజమూ చెప్పలేదు, పదకొండేళ్ళలో ఒక్కరు కూడా. ఇది ఆమె ఇంతవరకూ గమనించనే లేదు.

"సిస్టర్" అంది సౌభాగ్య. "వార్డులో ఎవరికీ తెల్దు కదా?"

జ్ఞానకుమారి తలెత్తింది.

"కామెర్లని చెప్పండి. కాగితం మీ కాడనే ఉంది కదా, దాన్ని ఆఫీసులో ఇయ్యండి, అంతే. అందరూ అయ్యో అనుకుంటా చూస్తే నేను పని చేయలేను సిస్టర్. తెల్దు అంటేనే నేను మళ్ళీ ఆ మెట్లెక్కేది. ఎవరికీ తెల్దు కదా?"

ఆ క్షణంలో నిజం చెప్పి ఉంటే ఏమయ్యేదో ఎవరికెరుక. సౌభాగ్య ఏడ్చేదేమో, వాకిలి చూపించేదేమో. కానీ దాచకుండా చెప్పిందన్న ఒక్క మంచి అయినా మిగిలేది. జ్ఞానకుమారికి ధైర్యం చాలలేదు. ఆ పిల్ల ముఖంలో ఆశ అంత దగ్గరగా కనిపిస్తోంది.

"ఎవరికీ తెల్దమ్మా" అంది.

సౌభాగ్య నమ్మింది. ఆమె ముఖం విచ్చుకుంది. "అయితే ఈ సోమవారం కాక పై సోమవారం వస్తా సిస్టర్" అంది. భీమక్క కాఫీ తెచ్చింది. జ్ఞానకుమారి అది తాగి వచ్చింది.

మర్నాడు టీ గదిలో అందరినీ కూర్చోబెట్టి, సౌభాగ్య వచ్చినాక ఒక్క మాట ఎత్తినా ఊరుకోనని చెప్పింది. "కామెర్లు. కామెర్లే. తెలిసిందా?" అంది. అందరూ తలలూపారు. మాట ఇచ్చారు, నిలబెట్టుకున్నారు కూడా. సౌభాగ్య తిరిగి వచ్చిన రోజు ఎవరూ ఒక్క మాట ఎత్తలేదు.

కానీ ఆమె బకెట్టు పట్టుకోబోతే నేత్ర పరుగున వచ్చి లాక్కుంది. మంచం నెట్టబోతే ఎవరో ముందే నెట్టేశారు. దురుగప్పను తిప్పే వేళకు ఐదుగురు అక్కడ నిలబడి ఉన్నారు, సౌభాగ్యను ఎవరూ పిలవలేదు. పదకొండున్నరకు ఆమె టీ గదిలోకి వస్తే బెంచీ మీద కిటికీ పక్క చోటు ఖాళీగా ఉంచారు. కెరోలిన్ ఇంటినుంచి నువ్వులుండలు తెచ్చింది, డబ్బా ఆమె ఒడిలోనే పెట్టింది. కామెర్ల మనిషికి ఎవరూ నువ్వులుండలు పెట్టరు. ఆ గదిలో ఉన్న ఆరుగురూ నర్సులు, ఆ సంగతి ఆరుగురికీ తెలుసు. కడుపు పోయిన మనిషికి ఒంట్లో రక్తం పట్టడానికి పెట్టేవి అవి.

సౌభాగ్య డబ్బా మూత తీసి చూసింది. మళ్ళీ మూసింది. జ్ఞానకుమారి వైపు ఒక్కసారి చూసింది. కెరోలిన్ నొచ్చుకుంటుందని కాబోలు, ఒక ఉండ తీసి తినేసి, లేచి వార్డులోకి వెళ్ళింది. రెండు గంటలదాకా సూదులన్నీ వేసి, చార్టులన్నీ రాసి, దస్తూరీ ఎక్కడా తేడా లేకుండా సంతకం పెట్టి వెళ్ళింది.

మర్నాడు పొద్దున ఆరింటికి ఫోన్ మోగింది.

"సిస్టర్, జ్వరం. ఈ దినం రాలేను" అంది సౌభాగ్య. గొంతు బొంగురు చేసుకోలేదు. మామూలుగానే ఉంది.

జ్ఞానకుమారి క్యాలెండర్ వైపు చూడలేదు. ఆ జ్వరం పేరు జ్ఞానకుమారి అని ఆమెకు తెలుసు. క్షమించమ్మా అందామనుకుంది. అంటే, దేనికని ఆ పిల్ల అడగాలి, తను చెప్పాలి, అదంతా మళ్ళీ ఆ పిల్ల నెత్తినే పడుతుంది. "సరేమ్మా. ఒళ్ళు జాగ్రత్త" అంది. అవతల ఫోన్ పెట్టేశారు.

వారం తర్వాత కొట్రేశ్ వచ్చి రాజీనామా కాగితం ఆఫీసులో ఇచ్చిపోయాడు. పై అంతస్తుకు రాలేదు. సౌభాగ్య ఇప్పుడెక్కడో వేరే ఆసుపత్రిలో చేస్తోందని విన్నారు. ఎక్కడో జ్ఞానకుమారి అడగలేదు.

రాజీనామా ఇచ్చిన రోజు పదకొండున్నరకు టీ గదిలో అందరూ ఉన్నారు. కాగితం సంగతి అప్పటికే తెలిసిపోయింది.

"ఎందుకు మానేసిందంట సిస్టర్?" అంది నేత్ర.

"ఒళ్ళు బాగుండలేదంట" అంది జ్ఞానకుమారి.

నేత్ర స్టూలు కొంచెం ముందుకు జరుపుకుంది. మిగతావాళ్ళు కప్పులు కింద పెట్టారు. పదకొండేళ్ళుగా ఈ మాట తర్వాతే కథ మొదలవుతుంది కాబట్టి, అందరూ ఎదురుచూశారు.

"అసలు సంగతేంది సిస్టర్?"

"అంతే" అంది జ్ఞానకుమారి. "ఒళ్ళు బాగుండలేదు, అంతే."

ఎవరూ నమ్మలేదు.